చింపేసిన కిలోమీటర్లు

గిస్బర్న్ ఊరి చివర, దుంగల లారీలు తిరిగే రోడ్డు పక్కన ట్రెవర్ పాత బండ్ల యార్డు ఉంది. అక్కడ హామికి ఎలక్ట్రీషియన్ అని పేరు. లైట్లు వెలగకపోతే వెలిగిస్తాడు, హారన్ మోగకపోతే మోగిస్తాడు. అవి నలుగురి ముందూ చేసే పనులు. అసలు పని మాత్రం షెడ్డు వెనక, తలుపు దగ్గరగా వేసుకుని చేస్తాడు. స్టీరింగ్ కింద ఓ చిన్న పెట్టె వైరు తగిలించి నాలుగు మీటలు నొక్కితే చాలు, రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగి డొక్కయిన బండి కాస్తా లక్ష తిరిగిన బండి అయి కూర్చుంటుంది.

ఆ పనిలో హామిది మంచి చెయ్యి. అంకె మార్చేసి చేతులు దులుపుకునే రకం కాదు. అరిగిన పెడల్ రబ్బర్లు మారుస్తాడు. స్టీరింగ్ మీద నునుపు గరుకు కాగితంతో పోగొడతాడు. తలుపు అంచున అంటించిన ఆయిల్ చీటీలు గోటితో గీకేస్తాడు. బండితో పాటు సర్వీసు పుస్తకం వస్తే ట్రెవర్ పారేయమంటాడు గానీ హామి ఒప్పుకోడు. పుస్తకం ఉంటేనే కొనేవాడికి నమ్మకం. అందులో ఏదో ఒక గ్యారేజీ ముద్ర చూసి, మీటరును సరిగ్గా ఆ అంకెకి తిప్పి, ఆ తర్వాతి కాగితాలన్నీ కుట్టు దాకా చింపేస్తాడు. చూసేవాళ్ళకి బండి నిన్ననే ఆ గ్యారేజీలోంచి బయటికొచ్చినట్టుంటుంది. చింపిన కాగితాలు యార్డు చెత్తలో కనబడకూడదని సంచిలో వేసుకుపోయి ఇంట్లో పొయ్యిలో పడేస్తాడు.

అలాంటి బండ్లు ఎవరికి అంటగట్టాలో ట్రెవర్‌కి బాగా తెలుసు. ఫోనులో నంబరు కొట్టి పాత రీడింగులు తీసే కుర్రకారుని ఆ బండ్ల దరిదాపులకి రానివ్వడు. మాట మీద కొనే పెద్దవాళ్ళు చాలు. ఆ పెద్దవాళ్ళెవరో, ఆ బండ్లతో వాళ్ళు ఏమయ్యారో హామి ఏనాడూ అడగలేదు. అడిగితే నిద్ర పట్టదని తెలిసేంత తెలివి అతనికి ఉంది.

జులై నెల, అక్కడ నడి చలికాలం. శుక్రవారం. మధ్యాహ్నం బేకరీకి వెళ్ళి మాంసం కూరిన రొట్టె తిని, మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి తెల్ల వ్యాను స్టీరింగ్ వెనక రోరా పెద్దమ్మ కూర్చుని ఉంది.

తల్లి పోయాక తొమ్మిదేళ్ళ హామిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పెంచిన మనిషి ఆవిడ. ఆవిడకి పిల్లలు లేరు. హామికి ఇంకో తల్లి గుర్తు లేదు. కొండలకి అవతల ఒపోటికిలో ఉంటుంది. డెబ్బై ఒకటో ఏడు నడుస్తున్నా నోరు ఇరవై ఏళ్ళది.

"ఏంట్రా గుడ్లప్పగించి చూస్తావు? నేనే. కొనేశాను."

"ఏం కొన్నావు?"

"బండిరా, బండి. మనవాళ్ళంతా చేరే మరాయెలో చావుకైనా పెళ్ళికైనా ముసలమ్మలందర్నీ మోసేది నేనేగా. ఒక్కొక్కతె రెండు సీట్లకి సరిపోతోంది. నా పాత కారు వాళ్ళకేం చాలుతుంది? మీ ట్రెవర్ వేరే బండి చూడమని నసిగాడు. 'మా హామి చెయ్యి పడిన బండి అయితే నేనింక చూడాల్సిందేం లేదు' అన్నాను. అంతే, నోరు మూసుకున్నాడు."

ట్రెవర్ ఆఫీసు కిటికీ వెనక నుంచి భుజాలెగరేశాడు.

మూడు రోజుల కిందటే హామి ఆ వ్యాను మీటరు తిప్పాడు. కొండల్లో పల్లె ఉత్తరాలు పంచే ఓ ముసలావిడ బండి అది. ఆవిడ పోయింది. నా అన్నవాళ్ళు ఎవరూ లేకపోవడంతో బండి వేలంలోకి వచ్చింది. అసలు రీడింగు 246905. దాన్ని 112200 చేశాడు. బ్రేకులు ఎలా ఉన్నాయో కూడా చూడలేదు.

"పెద్దమ్మా, ఇది వద్దు. ఇంకో మంచిది చూసిపెడతాను."

"ఇది మంచిది కాదా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. హామి మాత్రం "మంచిదే" అన్నాడు.

"మరింకేం, ఎక్కు. ఈ రెండు రోజులూ ఇంటికి రా. పంది ఎముకలు, ఆకుకూర ఉడకేస్తాను. చిక్కిపోయావు."

మీటరు పెట్టె, టీ ఫ్లాస్కు ఉన్న సంచి తెచ్చుకుని ఎక్కాడు. ఆవిణ్ని ఆ బండిలో ఒంటరిగా కొండ దాటించడం అతని వల్ల కాలేదు. రేపు తనే బ్రేకులు మారుస్తాడు, బెల్టు మారుస్తాడు, ఎవరికీ తెలియకుండా అన్నీ సరిచేస్తాడు. అలా తనకి తాను చెప్పుకున్నాడు.

*

మాటవాయి ఊరు దాటాక పొగమంచు దిగింది. నాలుగున్నరకే వెలుగు పల్చబడింది. వైయోవేక లోయలో రోడ్డు నదిని పట్టుకుని మెలికలు తిరుగుతూ పోతుంది. ఒక పక్క నిట్టనిలువు కొండ, దాని మీద మనిషెత్తు ఫెర్న్ చెట్లు. ఇంకో పక్క బురద రంగు నీళ్ళు. గంటసేపు ఇల్లు లేదు, పెట్రోలు బంకు లేదు, ఫోనుకి సిగ్నల్ లేదు. సన్నగా వాన మొదలైంది. హీటరు వేస్తే వ్యానులో తడి ఉన్ని వాసన వచ్చింది, ఎవరో తడిసిన స్వెట్టరు ఆరేసినట్టు.

పెద్దమ్మ హుషారుగా ఉంది. "ఆ అరలో పుస్తకం తియ్యి. ఈ బండి పాత మనిషి ఎంత బుద్ధిమంతురాలో చూడు. ఎక్కడాగితే అక్కడ అంకె వేసి రాసుకుంది."

హామి తీశాడు. ఒక పక్క గ్యారేజీ ముద్రలు, ఇంకో పక్క పెన్సిల్‌తో చిన్న చిన్న అక్షరాలు. అంకెలు తప్ప రాతలు చదివే అలవాటు అతనికి లేదు. చివరి ముద్ర 112200. ఆ తర్వాత అట్ట.

"తర్వాత?"

"అంతే పెద్దమ్మా."

"అంతేనా? సరే, టీ పోసివ్వు."

వాళ్ళు అప్పుడే ఓ సన్నని వంతెన దాటుతున్నారు. పెద్దమ్మ బ్రేకు వేసి పక్కకి తిప్పింది. వంతెన మధ్యలో ఓ గొర్రె చచ్చి పడి ఉంది. కాళ్ళు పైకి లేచి ఉన్నాయి. "ఏ లారీవాడి పుణ్యమో" అంది ఆవిడ.

ఫ్లాస్కు కోసం హామి సంచిలో చెయ్యి పెట్టాడు. ఈ వ్యాను పుస్తకంలోంచి చింపి ఇంకా పొయ్యిలో వెయ్యని కాగితాల కట్ట జారి ఒళ్ళో పడింది. దాచుకుందామని చూస్తుండగానే పై కాగితంలో ఓ వరస కంటపడింది.

112291. వంతెన మీద చచ్చిన గొర్రె.

మీటరు వంక చూశాడు. 112291.

కొండ దారిలో గొర్రెలు చావడం వింతేమీ కాదు. హామి అలాగే అనుకున్నాడు. అయినా ఫ్లాస్కు సంగతి మర్చిపోయి కింది వరస చదివాడు.

112296. ఎడమ వైపరు ఆగిపోయింది.

ఐదు కిలోమీటర్లు. అతను మీటరు మీంచి చూపు తిప్పలేదు. పెద్దమ్మ ఏదో చెబుతోంది, మేనకోడలి పెళ్ళి గురించి. 294... 295... అంకె మారింది. ఎడమ వైపరు అద్దం మధ్యలో వణికి, నిలిచిపోయింది.

"అదిగో" అంది పెద్దమ్మ. "ఇదేనా నీ పనితనం?"

హామి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కాగితం మీద ఆ కింద నాలుగు వరసలున్నాయి.

112301. మలుపులో చెయ్యెత్తి ఓ మనిషి. ఆపలేదు.
112306. అదే మనిషి. ఆపలేదు.
112311. అదే మనిషి. ఆపలేదు.
112316. ఆపాను. పాపం, ఎంత తడిశాడో.

కాగితం తిప్పాడు. వెనక వైపు ప్రతి అంకె పక్కనా ఒకటే మాట. వెనకే ఉన్నాడు. వెనకే ఉన్నాడు. వెనకే ఉన్నాడు. పొలం గేటు దగ్గరా అదే, పోస్టాఫీసు దగ్గరా అదే. కట్ట మధ్యలోంచి ఇంకో కాగితం లాగాడు. వెనకే ఉన్నాడు. అట్టడుగు కాగితం లాగాడు. అక్కడ రాత వంకరపోయింది, మాట కూడా కొంచెం మారింది. మావాడు వెనకే ఉన్నాడు.

ఆవిడకి నా అన్నవాళ్ళు ఎవరూ లేరని కదా వేలం వేశారు!

"పెద్దమ్మా" అన్నాడు. "దారిలో ఎవరైనా చెయ్యెత్తితే ఆపకు."

"ఈ వానలోనా? ఈ లోయలోనా? మనిషన్నవాడు ఆపకుండా పోతాడా? నిన్ను అలాగే పెంచానా?"

"నీకు దణ్ణం పెడతాను. ఆపకు."

మలుపు తిరిగింది వ్యాను. కొండవార, నీళ్ళు కారే చోట, ఓ మనిషి నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి పైకెత్తి ఉంది. ఊపడం లేదు. ఊరికే ఎత్తి ఉంచాడు. మొహం మీద జుట్టు అంటుకుపోయింది.

హామి స్టీరింగ్ మీద చెయ్యి వేసి బండిని రోడ్డు మధ్యలోకి లాగాడు. పెద్దమ్మ ఆ చేతి మీద ఒక్కటి చరిచింది. అప్పటికే దాటిపోయారు.

112301.

"నీకేమైనా పట్టిందా? నది పాలు చేస్తావా ఇద్దర్నీ?"

"ముందు ముందు మళ్ళీ కనిపిస్తాడు చూడు. ఐదు కిలోమీటర్ల తర్వాత. వాడే."

ఆవిడ అతని వంక వింతగా చూసి, దారి వంక తిరిగింది. ఒక్క వైపరే కొట్టుకుంటోంది. టక్... టక్... ఉన్ని వాసన ఎక్కువైంది.

112306. అదే చెయ్యి. అదే జుట్టు. ఈసారి రోడ్డుకి ఒక అడుగు దగ్గరగా ఉన్నాడు.

పెద్దమ్మ కాలు ఆక్సిలరేటరు మీంచి లేవలేదు గానీ, పెదవులు కదిలాయి. తమ వాళ్ళ పాత భాషలో ఏదో ప్రార్థన. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది.

"నీకెలా తెలుసురా?"

అప్పుడు చెప్పాడు హామి. పెట్టె గురించి చెప్పాడు, మీటరు గురించి చెప్పాడు, చింపిన కాగితాల గురించి చెప్పాడు. ఈ బండి ఇదంతా ఒకసారి తిరిగేసిందనీ, తను వెనక్కి తిప్పడంతో మళ్ళీ మొదట్నుంచీ తిరుగుతోందనీ చెప్పాడు. ఏడుపు ఆగలేదు. సిగ్గు వేసింది, దాన్ని మించి భయం వేసింది.

పెద్దమ్మ అంతా విన్నది.

"ఎంతమందికి చేశావు?"

హామి కిటికీ వైపు తిరిగాడు.

"ఎంతమందికిరా?"

"తెలియదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరేళ్ళు."

ఆరేళ్ళుగా మరాయెలో అందరి ముందూ మావాడు యార్డులో పెద్ద ఎలక్ట్రీషియన్ అని చెప్పుకున్న మనిషి ఆవిడ. స్టీరింగ్ మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

112311. దాదాపు రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. పక్క అద్దం అతని మోచేతికి తగిలి చప్పుడు చేసింది. మెత్తటి చప్పుడు.

"తగిలింది" అంది పెద్దమ్మ. "హామీ, మనిషిరా వాడు. తగిలింది."

"మనిషి కాదు. ఐదు నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు ఏ మనిషి ముందుకొస్తాడు?"

"నాకేం తెలుసు? వేరే వేరే మనుషులేమో. ఎక్కడో బండి నదిలో పడిందేమో, దిక్కు తోచక నిలబడ్డారేమో. నీ మాట విని ముగ్గుర్ని వదిలేశాను." ఆవిడ పక్క అద్దంలోకి చూసింది. "ఆరేళ్ళు నా కళ్ళలోకి చూసి అబద్ధమాడావు. ఇవాళ నిజం చెబుతున్నావని ఎలా నమ్మను? ఈసారి కనబడితే ఆపుతాను."

ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

312.

ఆవిణ్ని ఆపలేడు. స్టీరింగ్ లాగితే నది. మిగిలింది ఒక్కటే... ఆ అంకె రాకూడదు.

సంచిలోంచి పెట్టె తీశాడు. వైరు విప్పాడు. పెద్దమ్మ మోకాళ్ళ మీదుగా వంగి, స్టీరింగ్ కింద తడిమాడు.

"ఏం చేస్తున్నావురా? లే! బండి నడుపుతున్నాను!"

"తప్పు దిద్దుతున్నాను. అసలు అంకె పెట్టేస్తాను. అప్పుడిక వాడుండడు."

313. తగలడం లేదు. షెడ్డు వెనక వందసార్లు చేసిన పని. 314. తగిలింది. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. 2... 4... 6... వేళ్ళు జారుతున్నాయి. తప్పు పడింది. చెరిపాడు. మళ్ళీ కొట్టాడు. 315.

బండి నెమ్మదించింది. పెద్దమ్మ కాలు బ్రేకు మీదికి వచ్చింది. "అదిగో, ఉన్నాడు" అంటోంది.

246905. నొక్కాడు.

మీటరు ఆరిపోయింది. ఒక్క క్షణం అన్నీ ఆరిపోయాయి. లైట్లు, వైపరు, హీటరు చప్పుడు... చీకట్లో బండి దొర్లుతూనే ఉంది. మళ్ళీ అన్నీ వెలిగాయి.

246905.

మలుపు వచ్చింది. కొండవార నీళ్ళు కారుతున్నాయి. ఎవరూ లేరు.

హామి సీట్లో వెనక్కి వాలి నవ్వాడు. నవ్వూ ఏడుపూ కలిసిపోయి వచ్చాయి. రెండు వైపర్లూ కొట్టుకుంటున్నాయి. బండి నిదానంగా, హాయిగా పోతోంది. పెద్దమ్మ మొహం ప్రశాంతంగా ఉంది. ఇప్పుడు తిట్టినా సరే, కొట్టినా సరే, ఇంట్లోంచి వెళ్ళగొట్టినా సరే. బతికి ఉంది, అంతే చాలు.

"పెద్దమ్మా" అన్నాడు. "ఇంక ఎప్పుడూ చెయ్యను. ఒట్టు."

ఆవిడ అతని వైపు తిరిగి నవ్వింది. మర్యాదగా నవ్వింది.

"చలి తగ్గిందా బాబూ? ఎక్కడ దింపమంటారు?"

హామికి అర్థం కాలేదు. "ఏంటి?"

"మీరు మరీ తడిసిపోయారు. ఎంతసేపు నిలబడ్డారో ఏమో. హామీ, అక్కడ తువ్వాలు ఉందేమో చూడు. ఈయనకియ్యి."

ఆవిడ ఆ మాట అన్నది వెనక సీటుతో.

"ఇదిగో పెద్దమ్మా" అంది వెనక నుంచి హామి గొంతు.

అదే గొంతు. అదే ముక్కు దగ్గర ఆగే యాస. భుజం మీదుగా ఓ చెయ్యి వచ్చి మడత తువ్వాలు అందించింది. గోళ్ళలో గ్రీజు ఉంది. హామి తన ఒళ్ళోకి చూసుకున్నాడు. బండి దిగనే లేదు. అయినా చొక్కా నిలువునా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మోచేతుల నుంచి నీళ్ళు కారి సీటు మీద మడుగు కట్టాయి. ఉన్ని వాసన అతని దగ్గర్నుంచే వస్తోంది.

దాటేశాననుకున్నాడు. దాటలేదు. ఆ లక్షా ముప్పై నాలుగు వేల కిలోమీటర్లూ ఒక్క నొక్కుడుతో జరిగిపోయాయి. అన్ని కిలోమీటర్లూ వాడు వెనకే ఉన్నాడు. పెద్దమ్మతో మాట్లాడుతూ, నవ్విస్తూ, కొడుకు చోట్లో కుదురుకున్నాడు.

"పెద్దమ్మా... నేను... హామిని నేను. నన్ను చూడు."

ఆవిడ చూసింది. ఆ కళ్ళల్లో జాలి ఉంది. దారిన పోయేవాడి మీద ఉండే జాలి.

"చలికి మతి చెదిరినట్టుంది పాపం" అంది వెనక్కి తల తిప్పి.

"అవును" అన్నాడు వెనకవాడు నెమ్మదిగా. "ముందు మలుపులో ఆపు పెద్దమ్మా. ఆయనవాళ్ళు అక్కడ ఉంటారు."

"పెద్దమ్మా, ఆపకు! తొమ్మిదేళ్ళప్పుడు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చావు... బస్సులో నీ ఒళ్ళో పడుకున్నాను... నువ్వు..."

"అవన్నీ ఈయనకెలా తెలుసురా?" అని గుసగుసగా అడిగింది ఆవిడ.

"నేనే చెప్పాను. నువ్వు వినలేదు. దారంతా మాట్లాడుకుంటూనే ఉన్నాం."

బండి ఆగింది. పెద్దమ్మ అతని మీదుగా వంగి తలుపు తీసింది. చన్నీళ్ళు కాళ్ళకి తగిలాయి. ఎప్పుడు దిగాడో అతనికి తెలియలేదు. రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసి చేతికిచ్చింది. "వేడిగా తాగండి బాబూ. జాగ్రత్త." ఏ కొత్త మనిషినైనా ఆవిడ అలాగే చూస్తుంది.

తలుపు పడింది. వ్యాను వెనక ఎర్ర దీపాలు మలుపు తిరిగి పోయాయి. లోపల ఇద్దరూ నవ్వుకుంటున్న చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

చేతిలో టీలో వాన చినుకులు పడుతున్నాయి. హామి మెల్లగా కొండ వైపు తిరిగాడు.

కొండవార, తనలాగే ఎవరో దింపేసి పోయినవాళ్ళు ముగ్గురు నిలబడి ఉన్నారు. తడిసిన బట్టలు, మొహాల మీదికి జుట్టు. ముగ్గురూ కుడి చేతులు పైకెత్తి రోడ్డు వంకే చూస్తున్నారు. అతని వంక ఎవరూ చూడలేదు. మధ్యలో ఉన్నావిడ మాత్రం ఓ అడుగు పక్కకి జరిగి, అతనికి చోటిచ్చింది.